బరువెత్తితే కండ బిగిసిపోతుందన్న నమ్మకం: పుట్టుపూర్వోత్తరాలు

వ్యాయామశాలల్లో ఈనాటికీ వినబడే అపోహల్లో, బరువులెత్తేవారి దేహం బిగుసుకుపోయి చురుకుదనం కోల్పోతుందన్నది చాలా పాతది. పంతొమ్మిదో శతాబ్ది అమెరికాలో వేళ్లూనుకొని, ఇరవయ్యో శతాబ్ది నడిమి దాకా అక్కడి క్రీడాశిక్షకులను, వ్యాయామ ఆచార్యులను శాసించిన ఈ నమ్మకానికి 'మజిల్-బౌండ్' అన్న పేరు స్థిరపడింది. కండ మితిమీరి పెరగడంతో కీలు పూర్తిగా వంగక, అవయవం వేగంగా కదలలేని స్థితి అని దాని భావం. కొలతల ఆధారం లేకుండానే ఇది శాస్త్రసత్యంగా చలామణీ కావడానికి, దేహదారుఢ్యాన్ని బోధించడమో అమ్మడమో జీవనోపాధిగా గలవారి మధ్య సాగిన పోటీ బలంగా తోడ్పడింది.

ఆ పోటీ తొలిరూపం బోస్టన్‌లో కనిపిస్తుంది. 1850ల చివర, 1860లలో జార్జ్ బార్కర్ విండ్‌షిప్ అనే వైద్యుడు మోకాళ్లు కొద్దిగా వంచి, అతిభారమైన బరువును కొన్ని అంగుళాలు మాత్రమే పైకి లేపే 'హెల్త్ లిఫ్ట్' పద్ధతిని, బలమే ఆరోగ్యమన్న సిద్ధాంతంతో ప్రచారం చేయగా, అదే నగరంలో డయో లూయిస్ అనే సంస్కర్త తేలికపాటి చెక్క డంబెల్స్, వలయాలు, గింజలు నింపిన సంచులతో, స్త్రీపురుషులిద్దరికీ అనువైన 'కొత్త జిమ్నాస్టిక్స్' నేర్పి, 1862లో తన పద్ధతిని గ్రంథరూపంలో వెలువరించాడు. లూయిస్ పద్ధతిలో ఎందరో సులువుగా పాల్గొనగలగడం నిజమే గాని, తేలిక వ్యాయామానికి ఉన్న ఆ సుగుణం క్రమంగా భారీ వ్యాయామానికి దోషారోపణగా మారింది. 1876లో విండ్‌షిప్ నలభై రెండేళ్లకే పక్షవాతంతో మరణించడంతో, ఒక మనిషి చావే ఒక పద్ధతికి తీర్పుగా పరిణమించింది.

తర్వాతి తరంలో ఈ నమ్మకం సరుకుల అమ్మకానికి అక్కరకొచ్చింది. 1893 నుంచి అమెరికా వేదికలపై వెలిగి, 1897లో లండన్‌లో వ్యాయామ సంస్థను స్థాపించిన యూజెన్ శాండో, భారీ బరువులతో సాధన చేసి పెంచుకున్న దేహాన్ని ప్రదర్శిస్తూనే, పిడిలో స్ప్రింగులు అమర్చిన తేలికపాటి డంబెల్స్‌ను జనానికి అమ్మాడు. కండను తయారుచేసిన సాధనం వేరు, దాని పేరిట అమ్ముడైన సాధనం వేరు అన్న ఈ తేడా వ్యాయామ వ్యాపారంలో ఆ తర్వాత కూడా పదే పదే కనిపిస్తుంది. శాండో 1904-05లో భారతదేశంలోనూ పర్యటించాడు. ఇక్కడి తాలింఖానాల్లో దండీలు, బస్కీలు, కుస్తీ, సాము పక్కపక్కనే సాగేవి గనుక, వీరఘట్టంలో పుట్టి కలియుగ భీముడిగా పేరొందిన కోడి రామమూర్తి నాయుడు వంటి మల్లులను తీర్చిదిద్దిన ఆ సంప్రదాయంలో బలసాధన, చలనసాధన వేర్వేరు శిబిరాలుగా చీలలేదు.

అమెరికాలో ఆ చీలికను పూర్తిచేసినది తపాలా ద్వారా పాఠాలమ్మే వర్తకం. ఇటలీలో ఏంజెలో సిసిలియానోగా పుట్టి, చార్లెస్ అట్లస్‌గా ప్రసిద్ధుడైన దేహదారుఢ్యవేత్త, 1929లో చార్లెస్ రోమన్ అనే ప్రకటనల నిపుణుడితో భాగస్వామ్యం కుదుర్చుకొని, ఒక కండను మరొక కండకు ఎదురొడ్డి బిగించే వ్యాయామాన్ని 'డైనమిక్ టెన్షన్' అన్న పేరుతో అమ్మాడు. తపాలాలో పంపడానికి ఇనుముకన్నా కాగితం ఎంతో చవక కావడంతో, బరువులు అనవసరమన్న వాదన ఆ వ్యాపారానికి ప్రాణాధారమైంది. యార్క్ పట్టణంలో బార్‌బెల్స్ తయారుచేసి అమ్మే బాబ్ హాఫ్‌మన్ ఆ పద్ధతిని బూటకమని తన పత్రికలో ఎద్దేవా చేయగా, వివాదం 1930లలో ఫెడరల్ ట్రేడ్ కమిషన్ దాకా వెళ్లింది. హాఫ్‌మన్ కూడా తన సరుకు కోసమే పోరాడాడు గనుక, సత్యం అతడి పక్షాన ఉన్నచోట సైతం అతడి సాక్ష్యం నిష్పాక్షికం కాదు.

1940లో స్ప్రింగ్‌ఫీల్డ్ కళాశాలలో జరిగిన ప్రదర్శన ఈ వాదానికి మలుపు. బరువులు దేహాన్ని బిగిస్తాయని నమ్మిన వ్యాయామ శరీరశాస్త్రవేత్త పీటర్ కార్పొవిచ్ అక్కడి ఆచార్యుడు. హాఫ్‌మన్ వెంట వచ్చిన బరువులెత్తే క్రీడాకారులు జాన్ గ్రైమెక్, జాన్ డేవిస్ తమ ఒడుపును ప్రదర్శించిన పిమ్మట, వీపు గోక్కోగలవా అని కార్పొవిచ్ గ్రైమెక్‌ను అడిగాడని, దురద లేకపోయినా అతడు అవలీలగా గోక్కొని చూపాడని ఆ సంఘటన చరిత్రలో నిలిచింది. అయితే కార్పొవిచ్ ప్రాముఖ్యం ఓటమిని ఒప్పుకోవడంలో కన్నా, ప్రశ్నను ప్రయోగశాలకు తీసుకుపోవడంలో ఉంది. విలియం జోర్బస్‌తో కలిసి 1951లో ప్రచురించిన అధ్యయనంలో, 300 మంది బరువులెత్తేవారు, ఎత్తనివారు మరో 300 మంది చేతిని చక్రాకారంగా తిప్పే వేగాన్ని కొలవగా, బరువులెత్తేవారే వేగవంతులని తేలింది.

ఈ ఫలితం కూడా సంపూర్ణ సమాధానం కాదు, ఎందుకంటే పుట్టుకతో చురుకైనవారే బరువుల వైపు ఆకర్షితులై ఉండవచ్చన్న సందేహానికి అది తావిచ్చింది. ఒకే వ్యక్తులను శిక్షణకు ముందూ తర్వాతా కొలిచిన పరిశోధనలు ఆ వెలితిని తీర్చాయి. జోర్బస్, కార్పొవిచ్‌ల అధ్యయనానికి కొద్దికాలం ముందే, 1945లో సైనిక వైద్యుడు థామస్ డిలోర్మ్, గాయపడిన కీళ్ల చుట్టూ ఉండే కండరాలకు క్రమంగా పెంచే భారీ బరువులతో బలం చేకూర్చవచ్చని తన చికిత్సానుభవం ఆధారంగా ప్రకటించాడు. కీలును పూర్తి పరిధిలో కదిలిస్తూ చేసే బరువుల వ్యాయామం వంగే గుణాన్ని హరించకపోగా పెంచుతుందని ఈనాటి శాస్త్రం అంగీకరిస్తోంది.

పాత అపోహ కొత్త పేర్లతో బతికే ఉందనడానికి, ముఖ్యంగా స్త్రీలకు అమ్మే 'టోనింగ్' ఉదాహరణ. తేలిక బరువులను ఎక్కువసార్లు ఎత్తితే కండ పెరగకుండానే దేహం తీరుగా బిగుస్తుందన్న ఆ వాగ్దానం వెనుక ప్రత్యేకమైన శారీరక ప్రక్రియ ఏదీ లేదు. ఆ పేరుతో కనిపించే మార్పు కండ కొంత పెరగడం, దానిపై కొవ్వు కొంత తగ్గడం మాత్రమే, పైగా టెస్టోస్టెరాన్ తక్కువ స్థాయిలో ఉండే స్త్రీలలో కండ కోరుకోకుండానే భారీగా పెరుగుతుందన్న భయానికి ఆధారం లేదు. లూయిస్ కాలపు చెక్క డంబెల్‌కూ నేటి రంగురంగుల చిన్న డంబెల్‌కూ ఉపయోగం లేదని ఈ చరిత్ర చెప్పదు. ఒక సాధనానికి ఉన్న ఉపయోగాన్ని చెప్పడంతో ఆగక, దాన్ని అమ్మడానికి మరొక సాధనంపై భయాన్ని జోడించిన ప్రతిసారీ, ఆ భయానికి కొలత ఏదని అడగవలసి ఉంటుందని మాత్రం చెబుతుంది.