ఆవ ఘాటు వెనుక కథ

మిరపకాయ పోర్చుగీసు ఓడల వెంట మన దేశానికి వచ్చింది 16వ శతాబ్దంలో. అంతకు ముందు మన వంటలకు కారం ఇచ్చినవి మిరియాలు, అల్లం, ఆవాలు వంటివే. సింధు నాగరికత నాటి చన్హుదారోలో ఆవగింజలు దొరికాయి. రోములో కొలుమెల్లా అనే రచయిత 1వ శతాబ్దంలోనే ఆవముద్ద తయారీని రాసిపెట్టాడు.

మన గోదావరి జిల్లాల్లో ఆవ నూరే విద్య ఆవపెట్టిన కూరగా నిలిచింది. మా అమ్మమ్మ నానిన ఆవాలను ఎండుమిర్చి, ఉప్పుతో రోట్లో మెత్తగా నూరేది. పనసపొట్టు కూర దించి, కాస్త చల్లారాకే ఆ ముద్ద కలిపేది. "పొయ్యి మీద ఉండగా వేస్తే ఆవ చచ్చిపోతుందే" అనేది. ఆమె మాటలో శాస్త్రం ఉంది. గింజ నలిగి తడి తగిలినప్పుడు మైరోసినేజ్ అనే ఎంజైము ఘాటైన నూనెను పుట్టిస్తుంది. వేడి తగిలితే ఆ ఘాటు ఆవిరైపోతుంది.

ఆవాల్లో సెలీనియం, మెగ్నీషియం ఉన్నాయి. అలాగని ఇది మందు కాదు, మంచి ఆహారం. ఆవాలు పడనివారు మాత్రం ముట్టకూడదు. మిగతావారు సీసాలో దొరికే సాసు కొనేముందు, గుప్పెడు కొత్తిమీర, చిన్న అల్లం ముక్క చేర్చి ఇంట్లోనే ఆవ నూరండి. మీ పిల్లలకూ నేర్పండి.