సన్నాకు ఎకినేసియా

సన్నాకు ఎకినేసియా (శాస్త్రీయ నామం: ఎకినేసియా అంగుస్టిఫోలియా) ఉత్తర అమెరికా ప్రెయిరీ పచ్చిక మైదానాల్లో సహజంగా పెరిగే బహువార్షిక పూలమొక్క. పొద్దుతిరుగుడు, చేమంతి ఉన్న ఆస్టరేసీ కుటుంబానిదే. కెనడాలోని సస్కాచివాన్, మానిటోబాల నుంచి టెక్సాస్ దాకా పొడి నేలల్లో, రాతి వాలుల్లో కనిపిస్తుంది. వృక్షశాస్త్రవేత్త డి కాండోల్ 1836లో దీన్ని జాతిగా వర్ణించాడు. 2002లో బిన్స్ అనే పరిశోధకురాలి బృందం దీన్ని ఎకినేసియా పాలిడాలో ఒక రకంగా కుదించింది. 2006 నాటి ఉత్తర అమెరికా వృక్షజాల గ్రంథం మాత్రం విడి జాతిగానే ఉంచింది. ఈ వ్యాసమూ అదే పాటిస్తుంది.

మొక్క మోకాలి ఎత్తు దాటడం అరుదు. కాండానికీ ఆకులకూ గరుకు నూగు ఉంటుంది. ఆకులు సన్నగా బల్లెం మొన ఆకారంలో, అంచున రంపపు పళ్లు లేకుండా ఉంటాయి. పువ్వు మధ్యలో ముళ్లముళ్లుగా ఉబికిన గోధుమ రంగు దిమ్మ, దాని చుట్టూ లేత ఊదా రేకులు. పాలిడా పూరేకులు ఇంతకంటే బాగా పొడవై కిందికి వేలాడతాయి. రెంటి మధ్య అనుమానం వస్తే పుప్పొడి చూడాలి: దీనిది పసుపు, పాలిడాది సాధారణంగా తెలుపు. తోటల్లో పెంచే ఎకినేసియా పర్ప్యూరియాకు ఆకులు వెడల్పు, అంచున పళ్లుంటాయి, వేర్లు పీచువేర్లు. సన్నాకు రకానిది లోతుకు దిగే తల్లివేరు.

వేరు ముక్క నమిలితే నాలుక జలజలలాడి మొద్దుబారుతుంది. ఆల్కమైడ్లు అనే పదార్థాలే దీనికి కారణం. మన ఆయుర్వేద దుకాణాల్లో దొరికే అక్కలకర్రలోనూ ఈ తరహా పదార్థాలే ఉన్నాయి, అదీ ఇదే కుటుంబపు మొక్క.

సంప్రదాయ వాడకాలకు ప్రధాన ఆధారం పరిశోధకుడు మెల్విన్ గిల్మోర్ మిస్సోరి నదీ ప్రాంతపు తెగల మధ్య సేకరించి 1919లో వెలువరించిన గ్రంథం. పాము కాటు, పురుగు కుట్లు, కాలిన గాయాలు, గవదబిళ్లలకు ఈ మొక్కను వాడేవారని అందులో ఉంది. పంటి నొప్పికి ముక్కను నొప్పి ఉన్న చోటే పెట్టుకునేవారు. నోరు మొద్దుబారేలా చేసుకుని, చూసేవారి ముందు నిప్పుకణిక నోట పెట్టుకునేవాడినని ఒక విన్నెబాగో తెగ వ్యక్తి ఆయనకు చెప్పాడట. ఎండిన పూల దిమ్మలను దువ్వెనలుగా వాడేవారనీ రాశాడు. నొప్పులకు సంబంధించిన వాడకాలు వేరు గుణంతో పొసగుతాయి; పాము కాటు సంగతి అలా కాదు, దాన్ని నమ్మకంగానే తీసుకోవాలి.

నెబ్రాస్కాకు చెందిన మేయర్ అనే వ్యక్తి ఈ వేరుతో రక్తశుద్ధి మందు చేసి అమ్మాడు. ఎప్పుడు మొదలుపెట్టాడన్న దానిపై కథనాలు కలవవు. 1870 దశకం తొలినాళ్లు కావచ్చు. స్థానిక తెగల నుంచి నేర్చుకున్నాడని ఎక్కువమంది రాస్తారు, అదే సబబుగా తోస్తుంది. సిన్సినాటిలోని వైద్యుడు జాన్ కింగ్, ఔషధ నిపుణుడు జాన్ ఉరి లాయిడ్‌లకు అతడు వేరు పంపాడు. గిలక పాముతో కరిపించుకుని మందు మహిమ చూపిస్తానన్నాడని ప్రసిద్ధి. కింగ్ 1887లో దీని గురించి ప్రచురించాక వైద్యుల్లో వాడకం పెరిగింది. 1909లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రిక ఎకినేసియాను తోసిపుచ్చింది; అయినా 1916 నుంచి కొన్ని దశాబ్దాలు అమెరికా జాతీయ ఔషధ సూచికలో నిలిచింది.

1930ల చివర జర్మనీకి చెందిన గెర్హార్డ్ మడాస్ సన్నాకు రకపు విత్తనాలు కోరగా, పర్ప్యూరియావి అందాయని అంటారు. కారణం ఏదైనా, తర్వాతి ఐరోపా పరిశోధనల్లో ఎక్కువ భాగం పర్ప్యూరియా మీదే సాగింది. అందువల్ల ఎకినేసియా పేరుతో అమ్మే జలుబు మాత్రల మీద తెగల పేరు చెప్పే ప్రచారాన్ని, లోపలి మొక్క ఏదో చూశాకే అంగీకరించాలి. సన్నాకు రకపు వేరుసారంపై 2005లో వెలువడిన ఒక ప్రయోగంలో జలుబు మీద చెప్పుకోదగ్గ ప్రభావం కనిపించలేదు.

మందుల కోసం, సహజంగా పెరిగే ఈ మొక్క వేర్ల తవ్వకం 1990లలో ఉధృతమైంది. కాన్సాస్, మోంటానాల్లో చేసిన పరిశీలనలో తవ్విన మొక్కల్లో దాదాపు సగం, నేలలో మిగిలిన వేరు నుంచి మళ్లీ చిగురించాయి.