గోనె సంచి తిరుగు ప్రయాణం

నల్లగొండ జిల్లాలో వడ్లు కోతకొచ్చాయంటే కొనుగోలు కేంద్రాల దగ్గర ముందుగా వినిపించే ప్రశ్న ఒకటే: బార్దాన్ వచ్చిందా? వడ్ల రాశి ఉంటుంది, కాంటా ఉంటుంది, హమాలీలూ ఉంటారు. బార్దాన్, అంటే ఖాళీ గోనె సంచి, లేకపోతే మాత్రం గింజ కదలదు.

మిల్లులు రాకముందు గోనెను జనుము నారతో చేతుల మీదే నేసేవారు. పెరిక కులస్తుల వృత్తి అదే. దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన తన సంపుటాల్లో ఎడ్గార్ థర్‌స్టన్ వాళ్లను గోనెలు నేసేవాళ్లుగానే రాశాడు. ఎద్దు వీపుకు రెండు పక్కలా గోనెలు వేసి లంబాడాలు ఉప్పూ ధాన్యమూ మోశారు. సరుకు దిగేది, గోనె ఎద్దు మీదే తిరిగి వెళ్లేది. గింజలు కొన్నవాడు ఇంటి నుంచి గంపో మూటగుడ్డో తెచ్చుకొని మానికతో కొలిపించుకునేవాడు.

1855లో కలకత్తా దగ్గరి రిష్రాలో జార్జ్ ఆక్లండ్ జనపనార మిల్లు పెట్టాడు. తరువాత మన తీరాన చిట్టివలస, నెల్లిమర్ల, ఏలూరుల్లోనూ మిల్లులు లేచాయి. మర గోనె ముందు చేతి గోనె నిలవలేదు. 1967లో నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లొదిలాక నల్లగొండలో వరి విస్తరించింది, మిర్యాలగూడ రైసు మిల్లుల ఊరైంది, బస్తా లెక్కే బతుకు లెక్కయింది.

ఆ బస్తా నడకే అసలు కథ. ఇప్పుడు కొనుగోలు కేంద్రంలో సంచికి 40 కిలోల వడ్లు నింపుతారు. వడ్లు ఎక్కువ చోటు పట్టే సరుకు. మర పట్టాక అదే సంచిలో 50 కిలోల బియ్యం పడతాయి. అక్కడి నుంచి గోదాం, రేషన్ దుకాణం, మళ్లీ పౌర సరఫరాల శాఖ లెక్కలోకి ఖాళీ సంచి. కిరాణం దుకాణదారు మాత్రం చక్కెర, పప్పు ఖాళీ చేసిన సంచుల్ని పాత గోనెల వ్యాపారికి అమ్మేవాడు. హమాలీ కొక్కెం దిగినచోటల్లా చిల్లు. దబ్బనంతో, సుతిలితో మాసిక వేస్తే మరో పంటకు సిద్ధం. బియ్యం కారిపోయే చిల్లుల్లోంచి పల్లికాయ కారదు. అందుకే అలాంటి సంచి పాలమూరు చేలల్లో ఇంకా కొలువు చేసేది. ఆ తరువాత ఉల్లిగడ్డకు, బొగ్గుకు. ఆఖరికి ఒక మూలను లోపలికి మడిచి వానలో నెత్తిన కొప్పెరగా వేసుకునేవారు, లేదంటే బడిలో పిల్లల కింద పరిచేవారు. ఇంతమంది దాన్ని దాచింది పొదుపు గుణంతో అనుకోను. ఖాళీ సంచికి ప్రతి మజిలీలోనూ కొనేవాడు ఉన్నాడు, అంతే.

ప్లాస్టిక్ నేత సంచి తెంచింది ఆ బేరాన్నే. తేలిక, చవక, నీళ్లకు తడవదు. దాని సుగుణాలను కాదనలేం. జనపనార రైతుల్నీ మిల్లుల్నీ నిలబెట్టడానికి కేంద్రం 1987లో చట్టం చేసి ఆహారధాన్యాలకు గోనెనే తప్పనిసరి చేసింది. సర్కారు బియ్యం అందుకే ఎక్కువగా గోనెలోనే ఉంది. 2020 లాక్‌డౌన్‌లో బెంగాల్ మిల్లులు మూతపడగానే ఇక్కడ యాసంగి వడ్ల కొనుగోలుకు సంచుల కరువొచ్చింది. అప్పటిదాకా మూలన పడున్న పాత సంచుల కోసం అధికారులు రేషన్ డీలర్ల వెంటపడ్డారు. నిజానికి పాత సంచి విలువ కొత్తది దొరకనప్పుడే దఫ్తర్లకు గుర్తొస్తుంది.

బజారు బియ్యం దారి వేరు. 2022 జూలై 18 నుంచి 25 కిలోల దాకా ఉన్న లేబుల్ ప్యాకెట్ల మీద 5 శాతం జీఎస్టీ వేశారు. వెంటనే మిల్లర్లు 26 కిలోల సంచులు దించారు. సంచి కొలత గింజను బట్టి మారలేదు, మోసేవాడి భుజాన్ని బట్టీ మారలేదు, పన్నును బట్టి మారింది. రంగురంగుల బొమ్మలు అచ్చేసిన ఆ ప్లాస్టిక్ సంచి ఖాళీ అయ్యాక దాన్ని ఏ దుకాణమూ వెనక్కి అడగదు. రేషన్ డీలర్ మాత్రం గోనెలు ఎన్ని వచ్చాయో, ఎన్ని తిరిగి పంపాడో లెక్క చెప్పాల్సిందే.