అంబాసిడర్‌కు గుండె మార్చిన కథ

పాత వస్తువును పారెయ్యలేకపోవడం ఒక జబ్బయితే, దానికి కొత్త ప్రాణం పొయ్యాలని చూడడం అంతకన్నా పెద్ద జబ్బు. నాకు రెండూ ఉన్నాయి. విశాఖపట్నం పోర్టులో ఉద్యోగం చేసే రోజుల్లో నాన్నగారు కొన్న మార్క్ టూ అంబాసిడర్ నా చేతికొచ్చేసరికి ఇంజను పూర్తిగా అరిగిపోయింది. 2006లో దాని స్థానంలో ఇసుజు 1800 పెట్రోలు ఇంజను వేయించాను. ఆ వేసవి నేర్పిన పాఠం చెప్పేముందు కొంచెం చరిత్ర చెప్పుకోవాలి.

అసలు అంబాసిడర్ చరిత్రంతా ఇంజన్ల మార్పిడి చరిత్రే. ఇంగ్లండువారి మారిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో శ్రేణి కారు ఆధారంగా హిందుస్తాన్ మోటార్స్ దీన్ని బెంగాల్లోని ఉత్తర్‌పాడాలో తయారుచేసింది. 1957లో మొదలైనప్పుడు ఉన్నది 1476 సీసీ సైడ్ వాల్వ్ ఇంజను. 1959లో, కవాటాలు పైన ఉండే 1489 సీసీ ఇంజను వచ్చింది. తర్వాత డీజిలు, 1990లలో అయిదు గేర్లతో ఇసుజు 1800. 2014 మేలో తయారీ ఆగిపోయేదాకా ఒంటి తీరు పెద్దగా మారలేదు, గుండె మాత్రం మారుతూనే వచ్చింది. పెట్రోలు, డీజిలు ధరల మధ్య ఎంతో తేడా ఉన్న కాలంలో ఊరూరా షెడ్లలో కూడా ఈ శస్త్రచికిత్సలు జరిగాయి.

ఇంతకీ నా కథ. ఆ వైశాఖంలో అమ్మను సింహాచలం తీసుకెళ్తుంటే, కొండదారి సగంలో ముల్లు ఎర్రగీత దాటింది. బానెట్టు కింద ఆవిరి. కంగారులో రేడియేటర్ మూత తిప్పాను. మూత బిగించి ఉన్నంతసేపూ లోపలి పీడనం వల్ల నీరు నూరు డిగ్రీలు దాటినా మరగదు. మూత వదులైన క్షణంలో ఒక్కసారిగా పొంగుతుంది. ఆ మచ్చ ఇప్పటికీ నా ముంజేతి మీద ఉంది.

తడిగుడ్డ చుడుతూ అమ్మ అన్నది ఒకటే మాట: "మీ నాన్నగారు దీన్ని ఈ కొండ ఎన్నిసార్లు ఎక్కించారురా! ఒక్కనాడైనా పొగలు కక్కిందా?"

ఇంజను వేసిన షెడ్డువాళ్ళు థర్మోస్టాట్ పీకేశారు. తగ్గలేదు. హెడ్ గాస్కెట్ పోయిందన్నారు, ఇంజను విప్పాలన్నారు, చివరికి బండి తుక్కుకు ఇచ్చెయ్యమన్నారు. నేనూ దాదాపు ఒప్పుకున్నాను.

అప్పుడు గాజువాకలో ఒక పెద్దాయన, ఎప్పుడో పని మానేసిన మెకానిక్, బండిని ముట్టుకోకుండానే అడిగారు: "ఎప్పుడు వేడెక్కుతోంది బాబూ? పరిగెత్తేటప్పుడా, పాకేటప్పుడా?"

అనకాపల్లి రోడ్డు మీద వేగంగా వెళ్తే ముల్లు కదలదు. కూడళ్ళలో, కొండ మీద మాత్రమే మరుగుతోంది. ఆయన లెక్క ఇది. వేగంలో వేడెక్కితే నీటి ప్రవాహాన్ని అనుమానించాలి: పూడిపోయిన రేడియేటర్ గొట్టాలు, అరిగిన పంపు. నిదానంలో వేడెక్కితే గాలిని అనుమానించాలి: ఫ్యాను. చల్లని ఇంజను తిప్పగానే రేడియేటర్లో ఆగకుండా బుడగలొస్తే, అప్పుడే గాస్కెట్ మాట.

బానెట్టు ఎత్తితే నిజం కళ్ళెదుటే ఉంది. కొత్త ఇంజను మీది ఫ్యాను పాత రేడియేటర్‌కు జానెడు దూరంలో, కాస్త కిందికి ఉంది. చుట్టూ తొడుగు లేదు. గాలిని రేడియేటర్ గుండా లాగే బదులు, ఇంజను పక్కనున్న వేడిగాలినే మళ్ళీ తిప్పుతోంది. పరుగులో ఎదురుగాలి ఆ లోపాన్ని కప్పిపుచ్చేది.

ఇంకొకటి. ఇంధనంలోని శక్తిలో సుమారు మూడోవంతే పనిగా మారుతుంది. మరో మూడోవంతు పొగతో, దాదాపు అంతే నీటి ద్వారా వెళ్ళిపోవాలి. పాత ఇంజను శక్తి సుమారు 50 గుర్రాలు, కొత్తదానిది 75. ఎత్తు ఎక్కేటప్పుడు పెరిగిన ఆ వేడికి వెళ్ళే దారి మాత్రం పాతదే.

రేకుతో తొడుగు చేయించి, ఫ్యానును ముందుకు జరిపి, రేడియేటర్ కోరుకు మరో వరుస గొట్టాలు వేయించాం. ముందు చక్రాలను ఎత్తులో నిలిపి, మూత తీసి, లోపల చిక్కిన గాలి పోయేదాకా నీరు నింపాం. థర్మోస్టాట్ తిరిగి పెట్టించారాయన. గాస్కెట్‌కు ఏమీ కాలేదు.

మా ఊరి ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. నిప్పుల కొలుములకు నదుల పేర్లేమిటని చిన్నప్పుడు నవ్వుకునేవాణ్ణి. ఆ కొలిమి గోడ నిలవాలన్నా చుట్టూ నీళ్ళు రాత్రింబవళ్ళు పారుతూ ఉండాలని తర్వాత తెలిసింది. ఇంజను కొనేటప్పుడు నేను దాని బలమే చూశాను. ఆ బలం విడిచే వేడి ఎటు పోతుందో అడగలేదు.

మరుసటి వైశాఖంలో అమ్మను మళ్ళీ కొండకు తీసుకెళ్ళాను. ముల్లు సగం దాటలేదు. దిగి గుడిలోకి వెళ్ళేముందు ఆవిడ బానెట్టు మీద అరచెయ్యి ఆనించి చూసి, ఏమీ అనలేదు.