రష్యా దృష్టిలో పాశ్చాత్య దేశాలు: ఒక పరిశీలన

1. పరిచయం

2022 ఫిబ్రవరి 24న రష్యా ఉక్రెయిన్‌పై పూర్తి స్థాయి యుద్ధానికి దిగింది. అప్పట్లో మన దేశానికి పొద్దుతిరుగుడు నూనె ప్రధానంగా ఈ రెండు దేశాల నుంచే వచ్చేది. అందువల్ల దూరాన జరిగిన యుద్ధం ఆత్రేయపురం వంటి కోనసీమ ఊళ్ల వంటింటి ఖర్చును కూడా తాకింది. ఈ యుద్ధానికి రష్యా చెప్పే కారణాలేమిటో ఈ భాగంలో తెలుసుకుందాం. ఒక వాదాన్ని అర్థం చేసుకోవడం వేరు, సమర్థించడం వేరు అన్న సంగతి మీరు గుర్తుంచుకోవాలి.

2. రష్యా వాదం

రష్యా పాశ్చాత్య మార్గంలో నడవాలా, తన ప్రత్యేకతను నిలుపుకోవాలా అన్న చర్చ 19వ శతాబ్దంలోనే మొదలైంది. 1869లో నికొలాయ్ దనిలేవ్‌స్కీ 'రష్యా, యూరప్' అనే రచనలో రష్యాది ప్రత్యేక నాగరికత అని వాదించాడు. దీనికి దండయాత్రల జ్ఞాపకం తోడైంది. 1812లో నెపోలియన్, 1941లో హిట్లర్ పడమటి నుంచే వచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో సోవియట్ యూనియన్ సుమారు 2.7 కోట్ల మందిని కోల్పోయింది.

1999 నుంచి నాటో తూర్పు వైపు విస్తరించింది. 2007లో మ్యూనిక్ సదస్సులో పుతిన్ ఈ విస్తరణనూ, అమెరికా ఆధిపత్యంలోని ఏకధ్రువ ప్రపంచాన్నీ విమర్శించాడు. మరుసటి ఏడాది బుఖారెస్ట్ సమావేశంలో ఉక్రెయిన్, జార్జియా భవిష్యత్తులో సభ్యులవుతాయని నాటో ప్రకటించింది. 2021 జూలైలో రాసిన వ్యాసంలో పుతిన్ రష్యన్లు, ఉక్రేనియన్లు ఒకే ప్రజ అన్నాడు. ఇక్కడ జరిగిన మార్పును గమనించండి. భద్రత గురించిన వాదం జాతీయవాదంగా మారింది. మొదటిది పొరుగు దేశపు సైనిక కూటమిని ప్రశ్నిస్తుంది. రెండోది ఆ దేశపు ఉనికినే ప్రశ్నిస్తుంది.

3. వాదాన్ని పరీక్షించడం

1991 డిసెంబర్ 1న జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో ఓటు వేసిన ఉక్రెయిన్ ప్రజలలో 90 శాతానికి పైగా స్వాతంత్ర్యాన్ని కోరారు. 1994 బుడాపెస్ట్ ఒప్పంద పత్రంలో ఉక్రెయిన్ అణ్వాయుధాలను వదులుకోగా, దాని సరిహద్దులను గౌరవిస్తామని రష్యా మాట ఇచ్చింది. 2014లో క్రిమియాను కలుపుకొని ఆ మాట తప్పింది. కాబట్టి రష్యా భయాలకు చారిత్రక మూలాలు ఉన్నా, అవి దండయాత్రకు హక్కు ఇవ్వవు.

4. తెలుగు పాఠకులూ రష్యా జ్ఞాపకమూ

విశాఖ ఉక్కు కర్మాగారానికి అందిన సహకారం, మాస్కోలో అచ్చయి చౌకగా వచ్చిన తెలుగు పుస్తకాలు మనలో రష్యాపై అభిమానాన్ని పెంచాయి. అయితే ఆ సహాయం చేసింది 15 రిపబ్లిక్కుల సోవియట్ యూనియన్. ఉక్రెయిన్ కూడా వాటిలో ఒకటి. మనం 'రష్యా' అని పిలుచుకున్న దానిలో నేడు పోరాడుతున్న ఇరుపక్షాలూ ఉన్నాయి. అందుచేత పాత అభిమానం నేటి వివాదంలో సాక్ష్యం కాజాలదు.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

రష్యా భద్రతా వాదానికీ, జాతీయవాదానికీ మధ్య తేడాను ఉదాహరణలతో వివరించండి.