ముసలికుక్కయు నురుము చప్పుడును



విజయవాడ ఆటోనగరు పేరు వినని లారీవాడు తెలుగునాట నుండడు. బడిపని విరమించిన పిమ్మట నేను నా కుమారునితో నా ప్రాంతముననే కాపురముంటిని. ప్రొద్దుపొడుపు మొదలు ప్రొద్దుగ్రుంకువఱకు నచ్చట రేకులు సాగగొట్టు సుత్తెల మ్రోతయు, ఇంజనుల హోరును వినబడుచుండును. మా యింటి కుక్క, భైరవుడు, కూనగా నున్ననాటినుండి యా మ్రోతల నడుమనే పెరిగి, సుత్తెదెబ్బలు పడుచుండగనే నీడపట్టున నిద్రించెడిది. అట్టిది తన పదవయేట నురుము వినినంతనే వడకజొచ్చెను.

ముసలితనపు చాదస్తమని నేను నవ్వితిని. ఒక వైశాఖమాసపు రాత్రి గాలివాన వచ్చెను. కుక్క తలుపు గీరుచు మొఱపెట్టెను. దానికి బుద్ధిచెప్పవలెనని తలచి గుమ్మము వెలుపల వసారాలో గొలుసుతో గట్టివేయించితిని. తెల్లవాఱి చూచితిని. గొలుసు కొఱికి కొఱికి దాని చిగుళ్లు నెత్తురోడుచుండెను. నేలను గీరి గీరి గోళ్లు చితికియుండెను. ముప్పదియైదేండ్లు పిల్లలకు పాఠములు చెప్పినవాడనయ్యు, ఒక మూగజీవి చెప్పిన మాట నాకు దెలియకపోయెను. నాటినుండి యీ వెఱపు చరిత్రను వెదకుచుంటిని.

మన మహాభారతకథ యారంభమున నొక కుక్కపిల్ల మొఱ యున్నది. జనమేజయుని యాగశాలకు వచ్చిన సరమ కొడుకును రాజు తమ్ములు నిష్కారణముగ గొట్టిరి. తప్పెఱుగని దానిని గొట్టినందున నెదురుచూడని భయము మీకు గలుగునని సరమ పలికినది. ఈ కథను 11వ శతాబ్దిలో నన్నయభట్టు తెనుగువారికి జెప్పెను. నేను బడిలో నెన్నిసార్లో చెప్పిన పాఠమే యిది. ఆ వసారాలో నిలుచున్న యుదయమున గాని దాని యర్థము నాకు దట్టలేదు.

కుక్క పిఱికిజంతువు కాదు. కర్ణాటకమున మండ్య ప్రాంతపు ఆతకూరులో క్రీ.శ. 949-950 నాటి వీరశిల యొకటి దొరకినది. అడవిపందితో బోరి, దానిని జంపి, తానును మరణించిన కాళి యను కుక్క స్మృత్యర్థము వేసినదది. కన్నులకు గనబడు పంది మీద దూకగల జంతువు కనబడని యురుమునకేల బెదరవలె? పందిని గఱవవచ్చును, ఉరుమును గఱవరాదు. అది యెచ్చటనుండి వచ్చునో, యెప్పుడు మానునో తెలియదు. సుత్తెచప్పుడు దినదినము వచ్చునది, కీడు చేయనిది, కావున నలవాటైనది. మఱియు మన చెవి సెకనునకు 20,000 కంపనములవఱకే వినగలుగగా, కుక్క చెవి సుమారు 45,000 వఱకు వినును.

వెఱపు మనుష్యులకును గలదు. 1864 నవంబరు 1వ తేదీ రాత్రి బందరు మీదికి సముద్రము పొంగివచ్చి సుమారు 30,000 మందిని బొట్టనబెట్టుకొన్నది. మరల 1977 నవంబరు 19న దివిసీమ నుప్పెన ముంచెను. పదివేలకు మించి జనులు మడిసిరి. నాకప్పుడు పదునేడేండ్లు. మా యూరు తీరమునకు దూరమగుటచే మేము బ్రతికితిమి. అటుపిమ్మట పెక్కేండ్లు, గాలి హోరుమనిన రాత్రులందు మా తల్లి దీపము బట్టుకొని వచ్చి, పండుకొన్న పిల్లలను లెక్కపెట్టుకొనెడిది. ఆమెది చాదస్తమని యెవ్వరును నవ్వలేదు.

రష్యాదేశపు శాస్త్రజ్ఞుడు పావ్లోవు 1904లో నోబెలు బహుమానము పొందినవాడు. 1924 సెప్టెంబరులో లెనిన్‌గ్రాడు నగరమున నేవానది పొంగి, ఆయన కుక్కల కొట్టములలోనికి నీరు వచ్చెను. వానిని నీటిలో నీదించి యెట్లో రక్షించిరి. కాని వానిలో గొన్ని తాము నేర్చినదెల్ల మఱచినవి. కొంతకాలమునకు స్వస్థత చిక్కిన పిమ్మట, తలుపు క్రిందుగా సన్నని నీటిధార యొకటి గదిలోనికి బాఱనిచ్చి చూచిరి. అంతమాత్రమున నొక కుక్కకు పాతవెఱపు మరల వచ్చెను. మా తల్లి చేతి దీపము నాకు జ్ఞప్తికి వచ్చినది.

అయినను మా భైరవుడు వరద యెఱుగడు. మఱి వృద్ధాప్యమున నీ భయమెట్లు పుట్టెను? పశువైద్యునకు జూపితిని. ఆయన వెనుకకాళ్ల తుంటి కీళ్లు నొక్కిచూడగా కుక్క మూలిగెను. 2018లో కొందఱు పండితులు చప్పుళ్లకు బెదరు కుక్కలను బరిశీలించి యొక వ్యాసము ప్రకటించిరి. కీళ్లనొప్పి గల కుక్కలలో నీ భయము, నొప్పిలేని వానికంటె సుమారు నాలుగేండ్లు ఆలస్యముగ నారంభమైనదని వారు కనుగొనిరి. చప్పుడునకు ఉలికిపడగనే కండరములు బిగియును. నొప్పియున్న కీలు కలుక్కుమనును. ఆ బాధ యురుమే పెట్టినదని కుక్క యెంచును గాబోలునని వారి యూహ. నొప్పికి మందిచ్చిన పిమ్మట మా కుక్క వడకు చాలవఱకు దగ్గెను, పూర్తిగ మానలేదు.

కావున పెద్దలకు నా విన్నపము. ముసలికుక్క క్రొత్తగ జప్పుళ్లకు బెదరినచో గసరకుడు, పశువైద్యునకు జూపుడు. గాలివాన వేళ దానిని లోనికి రానిండు; మంచము క్రింద దూరిన బలిమిని లాగకుడు, బెదరిన జంతువు కఱచును. చెంత నూరక కూర్చుండిన జాలును. తుపాను హెచ్చరిక విని మీరిల్లు విడువవలసివచ్చినచో, గట్టుకొయ్యకు గట్టిన గొలుసు విప్పక కదలకుడు. నీరు వచ్చినప్పుడు కట్టుబడిన జీవికి దప్పించుకొను దారి లేదు.

తనవెంట నడచివచ్చిన కుక్కను విడిచి స్వర్గమునకు రానని ధర్మరాజు పలికెను. మనము విడువవలసినది స్వర్గమును గాదు. ఉరిమినప్పుడు లేచి తలుపు తీసిన జాలును. ఇప్పుడు మా యింట నేనే తీయుచున్నాను.