అద్దం చుట్టూ నల్ల పట్టీ

వానాకాలంలో పాత అంబాసిడర్ నడిపినవాళ్లకి పాదాల దగ్గర చెమ్మ కొత్త కాదు. పైకప్పుకి చిల్లు లేదు, తలుపులు సరిగ్గానే పడుతున్నాయి, అయినా డ్యాష్‌బోర్డు కింద చుక్క చుక్కగా నీళ్లు. మెకానిక్ ముందుగా తడిమి చూసేది ముందు అద్దం చుట్టూ ఉన్న నల్ల పట్టీని. గ్యారేజీ భాషలో అది బీడింగ్. ఇనుము కంటే, గాజు కంటే ముందు ముసలిదయ్యేది అదే. దాన్ని ఊడదీసి కొత్తది వేసే వీలుంది కాబట్టే ఆ కాలపు కార్లు ఇంకా వానలో తిరగగలుగుతున్నాయి.

తొలినాటి కార్లకి ఈ బెడద లేదు, ముందు అద్దమే లేదు కనుక. నడిపేవాళ్లు కళ్లజోడు పెట్టుకుని దుమ్మూ గాలీ భరించేవారు. తర్వాత చెక్క చట్రంలోనో ఇత్తడి చట్రంలోనో బిగించిన చదును గాజు వచ్చింది. అది పగిలితే మొహం చీరుకుపోయేది. ఫ్రెంచి రసాయనికుడు ఎడువార్ బెనెడిక్టస్ 1903లో ఒక వింత గమనించాడు: లోపల సెల్యులోజ్ నైట్రేట్ ఎండి పొరకట్టిన గాజు కుప్పె కిందపడి బీటలువారింది గానీ పెంకులు చెదరలేదు. రెండు పలకల మధ్య పొర పెట్టిన గాజుకి 1909లో ఆయన పేటెంటు తీసుకున్నాడు.

గాజు భద్రమైంది. దాన్ని పట్టి ఉంచే రబ్బరు కథ అంతకంటే పాతది. ఎండకి జిగటగా కరిగి, చలికి పెళుసుబారే పచ్చి రబ్బరుని గంధకంతో కలిపి కాచి గట్టిపరచవచ్చని చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనిపెట్టాడు. 1876లో హెన్రీ విఖమ్ బ్రెజిల్ నుంచి 70,000 రబ్బరు గింజలు లండన్ చేర్చాడు. ఆ మొలకల సంతతే ఆసియా తోటలకి మూలం. కేరళలో పెరియార్ ఒడ్డున తట్టెక్కాడు దగ్గర 1902లో రబ్బరు తోట వేశారు.

అద్దమూ రబ్బరూ విడదీయరానివి కావడానికి కారణం గాజు వంపు తిరగడమే. 1934లో క్రైస్లర్ ఇంపీరియల్ ఎయిర్‌ఫ్లో కారుకి వంపు తిరిగిన ఏకాండీ అద్దం వచ్చింది. గతుకుల్లో కారు బాడీ కొద్దిగా మెలి తిరుగుతుంది, గాజు తిరగదు. ఆ రెంటి మధ్యా సాగే గుణమున్నదేదో ఉండాలి. రబ్బరు పట్టీకి రెండు గాళ్లు పెట్టారు: ఒకదాంట్లో గాజు అంచు, రెండోదాంట్లో బాడీ రేకు అంచు. కొన్నింటికి పైన ఇంకో గాడి కూడా ఉంటుంది. అందులోకి సన్నటి లాకింగ్ స్ట్రిప్ దూర్చితే పట్టీ విచ్చుకుని రెండంచుల్నీ గట్టిగా నొక్కి పడుతుంది.

బ్రిటన్‌లో 1948లో వచ్చిన మోరిస్ మైనర్‌కి మొదట రెండు చదును పలకల్ని మధ్యలో కలిపిన అద్దమే. 1956లో దానికి వంపు తిరిగిన ఒంటి పలక పెట్టారు. అదే ఏడాది వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ ఆధారంగానే బెంగాల్‌లోని ఉత్తరపారాలో హిందుస్థాన్ మోటర్స్ అంబాసిడర్ తయారుచేసింది. ఆ తయారీ 2014 మే దాకా సాగింది. అద్దం బిగించే విద్య కూడా కారుతో పాటే మెకానిక్‌ల చేతుల్లో ఊరూరికీ పాకింది.

పని ఇద్దరిది. మొరటుబారిన పట్టీని కత్తితో కోసి అద్దం పైకి తీస్తారు. రేకు అంచు మీది తుప్పుని గీకి, రంగు వేసి ఆరనిస్తారు. కొత్త పట్టీని గాజు చుట్టూ తొడుగుతారు. సాగదీస్తే తర్వాత కుంచించుకుపోయి మూలల్లో సందు పడుతుంది, అందుకే వదులుగా కూరతారు. ఖాళీ గాడిలో చుట్టూ నైలాన్ తాడు పరిచి, రెండు కొసలూ కింది వైపు నుంచి లోపలికి వదులుతారు. సబ్బు నీళ్లు రాసి అద్దాన్ని బయటి నుంచి చోటులో ఆనిస్తారు. లోపల కూర్చున్నవాడు తాడు లాగుతూ పోతుంటే రబ్బరు పెదవి రేకు మీదుగా లోపలికి మడత పడుతుంది. బయటివాడు అరచేత్తో తడుతూ ఆ చోటునే వెన్నంటి వస్తాడు.

రబ్బరుకి అసలు శత్రువులు ఎండా, గాలిలోని ఓజోనూ. సహజ రబ్బరు అణువుల్లోని జంట బంధాల్ని ఓజోన్ తెంచుతుంది, పైన అడ్డంగా పగుళ్లు పడతాయి. 1931లో డ్యూపాంట్ బజారుకి తెచ్చిన నియోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు దీన్ని కొంత తట్టుకుంది. 1960ల మొదట్లో వచ్చిన ఈపీడీఎం అనే మరో కృత్రిమ రబ్బరు అంతకంటే బాగా నిలిచింది. ఇవాళ పాత కార్లకి అచ్చు పోసే పట్టీలు చాలావరకు దాంతోనే చేస్తున్నారు.

ఈలోగా కొత్త కార్ల దారి మారింది. గుద్దుకున్నప్పుడు అద్దం ఊడిపోకూడదని అమెరికా 1970 నుంచి నిబంధన పెట్టింది. యురెథేన్ జిగురుతో బాడీకి అతికించిన గాజు పైకప్పుకి బలమిచ్చింది. ఆ తర్వాత, ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగ్ విచ్చుకున్నప్పుడు ఆనుకునే గోడా అయింది. మార్చాలంటే తీగతో ఆ జిగురుని కోయాలి. కొత్త జిగురు పట్టేదాకా కారు కదపకూడదు.

రబ్బరు పట్టీ ఉన్న కార్లలో మాత్రం ఇప్పటికీ తాడే పనిముట్టు. కారడం మొదలవగానే సిలికాన్ గొట్టంతో పైపైన పూసేవాళ్లున్నారు. కానీ అలా చేస్తే నీళ్లు పట్టీ కిందే నిలిచిపోయి రేకు అంచుని లోపల్లోపల తినేస్తాయి. అప్పుడు కుళ్లిన రేకు కోసి కొత్తది వెల్డింగ్ చేయాలి. దానికయ్యే ఖర్చు ముందు బీడింగ్ ఖరీదు ఓ లెక్కలోది కాదు.